గోడకు ఇవతల ఫోన్, అవతల ట్రాక్టర్

మా నాయిన ఫోన్‌లో బ్లూటూత్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. పాటలు వినడానికి కాదు, చెవుల్లో పెట్టుకునేవి ఏవీ ఆయన దగ్గర లేవు. ఫొటోలు పంపడానికి అంతకన్నా కాదు. ఆయన తీసిన ఫొటోల్లో సగానికి పైగా ఆయన బొటనవేలే ఉంటుంది. చార్జింగ్ ఊరికే దండగవుతోందని నేను ఎన్నోసార్లు ఆపేశాను. నేను ఆపిన ప్రతిసారీ ఆయన ముఖం గంటు పెట్టుకుని ఫోన్ నా ఒడిలో పడేసేవాడు. మళ్లీ ఆన్ చేసి ఇచ్చేదాకా కదిలేవాడు కాదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? నేను టీచర్ని, రోజంతా బడిలో వాదించి వస్తాను, ఇంట్లో ఓపిక ఉండదు.

ఈ బ్లూటూత్ వెనక ఒక ట్రాక్టర్ ఉంది. ఆ ట్రాక్టర్ మా చిన్నాయనది.

మా ఇల్లు జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు పోయే బొంబాయి రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఒకటే ఇల్లు, నడుమ గోడ. ఇవతల సగంలో మేము, అవతల సగంలో చిన్నాయన, చిన్నమ్మ. ఆ గోడ తగవు పడి కట్టుకున్నది కాదు. ఇద్దరి పెళ్లిళ్లయ్యాక రెండు పొయ్యిలు కావాలి కాబట్టి కట్టుకున్నది. చిన్నప్పుడు నాకు ఆ గోడ ఉన్నట్టే అనిపించేది కాదు. ఆకలైతే ఎటువైపు వాసన బాగుంటే అటు పోయేదాన్ని.

చిన్నాయన ట్రాక్టర్ కొన్న రోజు నాకు బాగా గుర్తు. మా ఊరి వాళ్లకు ట్రాక్టర్లు వింతేమీ కాదు. ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి కొత్తవి లారీల మీదికెక్కి పోతుంటే చూస్తూ పెరిగినవాళ్లం. అయినా మనింటి ముందుకొచ్చి ఆగిన ట్రాక్టర్ వేరు. చిన్నమ్మ టైర్లకు పసుపు, కుంకుమ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ మాత్రం చిన్నాయన ముట్టుకోలేదు. మొదటి కాయ అన్న చేత్తోనే కొట్టాలని పట్టుబట్టి, పొలం నుంచి నాయిన వచ్చేదాకా ఎండలో అలాగే నిలబడ్డాడు. మా ఇంట్లో ఏ కొత్త వస్తువుకైనా మొదటి చెయ్యి పెద్దవాడిదే. అది తాత పెట్టిన పద్ధతి.

ఆ ట్రాక్టర్‌కు బస్టాండు దగ్గరి దుకాణంలో ఒక పాటల డబ్బా కూడా బిగించారు. డబ్బాకు నీలం లైట్లు, మడ్‌గార్డుల మీద రెండు పెద్ద స్పీకర్లు. చిన్నాయన దగ్గర ఉన్నది నొక్కుడు బటన్ల ఫోన్. అది దేనితోనూ కలవదు, అందుకని పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చాడు. అయితే మొదటి కాయ అన్న కొట్టినప్పుడు మొదటి పాట కూడా అన్న ఫోన్ నుంచే రావాలని ఆయన లెక్క. ఆ పని నాకు అప్పజెప్పారు. నాయిన ఫోన్ తీసుకుని, డబ్బా పేరు వెతికి, నాలుగు సున్నాలు కొట్టి రెంటినీ కలిపాను. వెంటనే స్పీకర్ల లోంచి ఒక ఆడగొంతు ‘బ్లూటూత్ కనెక్టెడ్’ అని ఇంగ్లీషులో పలికింది. నాయిన ఉలిక్కిపడి, ఎవరామె అని అమ్మను అడిగాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నాయన ఆ గొంతుకు అప్పటికప్పుడు ‘డబ్బల పిల్ల’ అని పేరు పెట్టేశాడు. తర్వాత హనుమంతుడి భజన ఒకటి వాడంతా వినబడేలా మోగింది. నాయిన కళ్లనిండా గర్వం. ఆ రోజు నేను చేసిన పని ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు.

ట్రాక్టర్ వచ్చాక ఎడ్లకు పని లేకుండా పోయింది. ఆ జత మీద నాయినకు ప్రాణం. పొలాల అమావాస్య వస్తే వాటికి తానే నీళ్లు పోసి, కొమ్ములకు రంగేసి, మెడలో గంటలు కట్టి, తాను తినే ముందు వాటికి పెట్టేవాడు. ఒకసారి నాయిన బీదర్‌లో పెళ్లికని పోయి వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉంది. ఊరికే కూచుని తింటున్నాయని చిన్నాయన అమ్మేశాడు. పొలాల అమావాస్య ఇంకో వారంలో ఉందనగా జరిగింది ఇది.

నాయిన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కొట్టంలోకి పోయి గంటల పట్టెడలు తెచ్చి మా సగంలో మేకుకు తగిలించాడు. “అడిగితే నేను వద్దంటనా? అడగాలె గద,” అని అమ్మతో అన్నాడు. అడిగితే ఒప్పుకోడని తెలిసే అడగలేదని చిన్నాయన చిన్నమ్మతో అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, అదే వచ్చిన చిక్కు. ఆ ట్రాక్టర్ ఎక్కనని నాయిన, నేనెందుకు బతిమాలాలని చిన్నాయన. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా గోడకు అటొక రాజు, ఇటొక రాజు తయారయ్యారు.

మగవాళ్ల మాటలు ఆగాయి కానీ గోడ మీదుగా కూరగిన్నెలు ఆగలేదు. పొలంలో ట్రాక్టర్ మొదట మా వంతు దున్ని, తర్వాతే చిన్నాయన వంతులోకి పోయేది. అల్లం పెట్టే రోజుల్లో నాయిన మంచి విత్తనం ఏరి పక్కన పెట్టి, చిన్నమ్మ కనబడేచోట ఉంచి వచ్చేవాడు. ఒకరికొకరు ఇంత చేసుకుంటూ ఒక్క మాటకు ఎందుకంత పిసినారితనమో నాకు అర్థమయ్యేది కాదు. నాకు కోపం కూడా వచ్చేది. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వేద్దామని అమ్మతో అంటే, లోపల కూడా చెరో గోడకు తిరిగి కూచుంటారని ఆమె అంది.

రెండో ఏడు చెరుకు కొట్టే కాలంలో చిన్నాయన చక్కెర ఫ్యాక్టరీకి లోడ్లు తోలడం మొదలుపెట్టాడు. ట్రాలీ నిండా చెరుకు, ఆ బొంబాయి రోడ్డు మీద. అక్కడ లారీలు ఎంత వేగంతో పోతాయో మాకు తెలుసు. ట్రాలీ మెల్లగా పోతుంది, వెనక నుంచి వచ్చేవాడికి పొద్దుగూకాక అది కనబడదు. ఒకరోజు పక్క ఊరివాళ్ల ట్రాలీని లారీ గుద్దిందని కబురొచ్చింది. మనిషి బతికాడు గానీ కాలు పోయింది. ఆ కబురు విన్న సాయంత్రం నుంచి నాయినలో ఒక కొత్త అలవాటు చూశాను.

పొద్దుగూకగానే నడుమ గోడ పక్కన మంచం వాల్చుకుని ఫోన్ చేతిలో పట్టుకుని కూచునేవాడు. అమ్మ అన్నానికి పిలిస్తే జర ఆగమనేవాడు. ఒక్కోరోజు ఎంత పిలిచినా వచ్చేవాడు కాదు. ఉన్నట్టుండి లేచి, ఎవరికో ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడి, “పెట్టు,” అంటూ వచ్చి కూచునేవాడు. వీడియోల పిచ్చి పట్టిందని అమ్మ గొణిగేది. నేనూ అదే అనుకున్నాను.

అదే రోజుల్లో ఫోన్ మధ్యాహ్నానికే చచ్చిపోతోందని నాయిన అంటే, చూసి బ్లూటూత్ ఆపేశాను. ఆ సాయంత్రం ఆయన మంచం మీద నుంచి లేవనే లేదు. అన్నం చల్లారిపోయింది, అమ్మ విసుక్కుంది. చెరుకు కాలంలో మా సందులో వచ్చేపోయే ట్రాక్టర్లకు లెక్క ఉండదు, చప్పుడును బట్టి ఎవరిదో చెప్పలేం. ఆ రోజు గోడ అవతల ఒకటి చాలాసేపు ఇంజన్ ఆపకుండా నిలబడి తల వాచేలా మోగింది. నేను పేపర్లు దిద్దుకుంటూ తిట్టుకున్నాను. తెల్లారి నాయిన ఫోన్ నా ముందు పెట్టి, బండి గుర్తు ఎక్కడ పోయిందని నిలదీశాడు. అది బండి గుర్తు కాదు, బ్లూటూత్ గుర్తని పాఠం చెప్పబోయాను. ఏదైతేనేం, ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ గుర్తు పక్కన అప్పుడప్పుడూ రెండు చిన్న చుక్కలు వస్తాయనీ, ఏదైనా కలిసినప్పుడే అవి వస్తాయనీ ఆయనకు అప్పటికే తెలుసని నాకు తెలియదు.

ఇంకొకటి కూడా అప్పుడు నాకు అర్థం కాలేదు. నాయినకు కంటి ఆపరేషన్ అయింది. అమ్మా, చిన్నమ్మా ఇద్దరూ ఆయనతో పాటు సంగారెడ్డి దవాఖానలో ఉండిపోయారు. బడి ఉందని నేను ఇంట్లోనే ఉన్నాను. దవాఖాన నుంచి అప్పటికప్పుడు పిలుపొస్తే, వాళ్లు పొద్దున చిన్నాయన లోడు వేసుకుని పోయాక బయల్దేరారు కాబట్టి ఆయనకు ఆ సంగతి తెలియదు. సాయంత్రం ట్రాక్టర్ దిగీ దిగగానే, తన ఇంట్లోకైనా పోకుండా మా గేటు దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ, “మీ నాయిన ఇంట్ల లేడా?” అని అడిగాడు. అన్న ఊసెత్తడం రెండేళ్లలో అదే మొదలు. నేను సంగతి చెబితే తలాడించి వెళ్లిపోయాడు. ఇల్లు తాళం తీయకముందే నాయిన లేడని ఈయనకెలా తెలిసిందా అని కాసేపు అనుకుని, అన్నం వండుకోవాలి గదా, మరిచిపోయాను.

నాయిన తిరిగొచ్చి, నల్లద్దాలు తీసేసి, మళ్లీ మంచం వాల్చుకున్నాక జరిగింది అసలు సంగతి.

ఆ రోజు చిన్నాయన రావలసిన వేళ దాటిపోయింది. పొద్దుగూకింది. సందులో లైట్లు వెలిగాయి. నాయిన మంచం మీద ముందుకు వంగి కూచుని ఫోన్ మీంచి చూపు తిప్పడం లేదు. అమ్మ పిలవడం మానేసింది. గోడ అవతల ఏదో ట్రాక్టర్ వచ్చి ఆగింది, పాట మోగుతోంది. నాయిన ముఖం ఒక్కసారి విచ్చుకుంది. సరిగ్గా అప్పుడే ఆయన చేతిలో ఫోన్ మోగింది. న్యాల్‌కల్‌లో ఉండే మా మేనత్త. నాయినకు చెల్లెలు, చిన్నాయనకు అక్క.

నాయిన పచ్చ బటన్ నొక్కి ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. ఏమీ వినబడలేదు. హలో అన్నాడు, మళ్లీ హలో అన్నాడు. గోడ అవతల మాత్రం పాట ఆగిపోయి, రెండు స్పీకర్ల లోంచి మా అత్త గొంతు సందు మొత్తానికీ వినబడింది.

“అన్నా, చిన్నోడు వచ్చిండా? ఫోన్ల బండి గుర్తు పడ్డదా?”

నేను వాకిట్లోకి పరుగెత్తాను. మా ముందరి గోడ ఎత్తు తక్కువ, అవతల అంతా కనబడుతుంది. చిన్నాయన ఇంజన్ ఆపి, తాళం మీద చెయ్యి అలాగే ఉంచి, సీటు మీద బొమ్మలా కూచున్నాడు. అత్తకు మామూలుగానే గొంతు పెద్దది. ఫోన్ లేకపోయినా న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్‌కు వినిపించగలదని మా ఇంట్లో వేళాకోళం. ఇప్పుడా గొంతుకు స్పీకర్లు తోడయ్యాయి. జవాబు రాకపోయేసరికి, అన్న ఎప్పటిలా ఊఁ కొట్టకుండా వింటున్నాడనుకుని ఆమె చెప్పుకుంటూ పోయింది. రోజూ ఈ వేళకు నువ్వే ఫోన్ చేసి చిన్నోడు వచ్చిండు, ఇగ తింట అని చెప్తావు గదా, ఇయ్యాల చెయ్యకపోతే గుండె ఆగినంత పనయిందంది. ఆ రోడ్డును తలచుకుంటే తనకూ ముద్ద దిగడం లేదంది. పక్క ఊరి ట్రాలీ సంగతి విన్న రోజు నాయిన తనకు ఫోన్ చేసి ఏడ్చాడన్న సంగతి కూడా బయటపెట్టేసింది.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మా ఇంటిగుట్టు మడ్‌గార్డుల మీంచి మోగుతుంటే, ఎదురింటివాళ్లు టీవీ గొంతు తగ్గించి మరీ విన్నారు.

నాకు సంగతి అర్థమైంది: ట్రాక్టర్ దగ్గరికి రాగానే నాయిన ఫోన్ దాని డబ్బాతో దానంతటదే కలిసింది, డబ్బా ఆగకముందే అత్త ఫోన్ రావడంతో మాటలు అటు పోతున్నాయి. మాట ట్రాక్టర్‌లోకి పోకుండా ఫోన్‌లోకి మళ్లించాలంటే ఒక్క బటన్ నొక్కితే చాలు. లోపలికి పరుగెత్తి నాయిన చేతిలోంచి ఫోన్ అందుకోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వద్దని తల అడ్డంగా ఊపింది. నాయిన ఫోన్ ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

“గంత పాణం పెట్టుకున్నోనివి, వానితోని మాట్లాడకుండ ఎట్లుంటున్నవ్ అన్నా?” అంది అత్త.

అవతల నుంచి, డబ్బాకున్న మైకులో అత్తకు వినబడేలా చిన్నాయన గొంతు పలికింది.

“అక్కా, నేను. చిన్నోన్ని. వచ్చిన. అన్నను తినుమని చెప్పు.”

అత్త మళ్లీ మాట్లాడేసరికి ఆ పెద్ద గొంతు సన్నబడి ఉంది.

“నడుమ గోడనే ఉన్నది గదరా. గా ముచ్చట న్యాల్‌కల్ నుంచి నేను చెప్పాల్నా?”

నాయిన లేచాడు. చీకట్లో కాళ్లకు తగిలినవి తొడుక్కుని నడిచాడు. అవి అమ్మ చెప్పులని తర్వాత చూశాం. గేటు తీసుకుని, గోడ చుట్టూ తిరిగి, రెండేళ్లుగా అడుగుపెట్టని ఆ వాకిట్లోకి పోయి ట్రాక్టర్ పక్కన నిలబడ్డాడు. ఎడ్ల సంగతి ఎత్తుతాడేమో, కళ్లనీళ్లు పెట్టుకుంటాడేమో అనుకున్నాను.

“గింత ఆల్శం ఎందుకైంది?” అన్నాడు.

ఫ్యాక్టరీ దగ్గర బండ్ల లైను పెద్దగా ఉందన్నాడు చిన్నాయన. లైట్లు సరిగ్గా పడుతున్నాయా అని నాయిన అడిగాడు. వెనకది ఒకటి పోయిందన్నాడు చిన్నాయన. రేపు వేయిద్దామన్నాడు నాయిన. అంతే, రెండేళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నది ఒక లైటు గురించి. నాకు మాత్రం కన్నీళ్లు ఆగలేదు. స్పీకర్ల లోంచి అత్త కూడా ముక్కు చీదుకుంటూ, ఇగ తాను ఫోన్ పెట్టేయవచ్చా అని అడిగింది. ఇద్దరూ ఆమె సంగతే మరిచిపోయారు.

ఆ రాత్రి భోజనం మా సగంలోనే. అమ్మ జొన్నరొట్టెలు చేస్తూ పోతే, చిన్నమ్మ అటు నుంచి పప్పుగిన్నె గోడ మీదుగా ఇవ్వబోయి, నవ్వుకుని, చుట్టూ తిరిగి చేత్తో పట్టుకొచ్చింది. అన్నదమ్ములు పక్కపక్కనే కూచున్నారు గానీ ఇద్దరి చూపూ పళ్లేల్లోనే. నాకు ఉండబట్టలేదు. అన్నతో మాటలు లేనప్పుడు ఆ డబ్బాలోంచి అన్న ఫోన్ పేరు ఎందుకు తీసేయించలేదని చిన్నాయనను అడిగాను. దుకాణంలో చెబితే చిటికెలో తీసేస్తారు గదా అన్నాను. మాస్టరమ్మ బుద్ధి, ప్రశ్న అడగకుండా ఉండలేదు.

చిన్నాయన రొట్టె తుంచుతూ తల ఎత్తకుండానే చెప్పాడు.

“తీసేస్తే అన్న ఇంట్ల ఉన్నది లేనిది నాకెట్ల ఎరుకైతది? సందుల మలుపు తిరుగంగనే డబ్బల పిల్ల పలుకుతది. పలికినంక తాళం బంద్ చేస్త. ఆపరేషన్ నాడు పలుకలే. నాకు అన్నం సయించలే.”

నేను బ్లూటూత్ ఆపేసిన సాయంత్రం గోడ అవతల ఇంజన్ ఆపకుండా నిలబడిన ట్రాక్టర్ ఎవరిదో నాకప్పుడు తెలిసింది. నాయిన తన పళ్లెంలోంచి వేడిరొట్టె ఒకటి తీసి తమ్ముడి పళ్లెంలో వేశాడు. తనకు చాలన్నాడు చిన్నాయన. తినమన్నాడు నాయిన.

మరుసటి పొలాల అమావాస్యకు ట్రాక్టర్‌ను ఇద్దరూ కలిసి కడిగారు. నాయిన మేకు మీంచి గంటల పట్టెడలు దించి దాని ముందు భాగానికి కట్టాడు. ఎడ్ల గురించి ఆయనకు ఇప్పటికీ బాధే, చిన్నాయన తప్పు చేశాడనే అంటాడు. తమ్ముడి ముఖం మీదే అంటాడు. చిన్నాయన కూడా అవునంటాడు.

ఈమధ్య నాయినకు కొత్త ఫోన్ కొన్నాం. దుకాణంలో పిల్లలు పాత ఫోన్‌లోని నంబర్లు, బొటనవేలి ఫొటోలతో సహా, అన్నీ కొత్తదాంట్లోకి మార్చి ఇచ్చారు. ఇంటికి రాగానే ఆయన నల్లగా ఉన్న ఆ చిన్న గుర్తును చూశాడు. పక్కన చుక్కలు లేవు. ఇప్పుడు అన్నదమ్ములు పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉంటారు, ఎక్కడున్నావని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు, ఇంకా ఈ చుక్కలెందుకని నేను నవ్వాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. చెప్పులు తొడుక్కుని, గోడ చుట్టూ తిరిగి పోయి, ట్రాక్టర్ పక్కన నిలబడి పిలిచాడు.

“తమ్మీ, జర తాళం తిప్పు.”

చిన్నాయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎందుకని అడగకుండా తాళం తిప్పాడు. నాలుగు సున్నాలు ఈసారి నాయినే కొట్టాడు. డబ్బల పిల్ల పలికింది. నాయిన ఫోన్ జేబులో వేసుకుని, గోడ ఇవతలున్న అమ్మకు వినబడేలా, ఇద్దరికీ పెట్టమని కేకేశాడు.